పొలిమేర తగవు తీర్చువారెవరు?

మన ధర్మశాస్త్రములలో సీమావివాదమని ఒక ప్రకరణము కలదు. రెండు ఊళ్ల నడుమనో, రెండు చేల నడుమనో హద్దు ఎక్కడ అను తగవు వచ్చినప్పుడు దానిని ఎవరు తీర్చవలెను, ఎట్లు తీర్చవలెను అనునది అందలి విషయము. యాజ్ఞవల్క్యుడు చెప్పిన క్రమము నేటివారికి వింతగా తోచును. మొదట పిలువవలసినది రాజును కాదు. పొరుగు గ్రామములవారిని, వృద్ధులను, పసులకాపరులను, ఆ హద్దు వెంట దున్నుకొను రైతులను, అడవిలో తిరుగువారిని పిలువవలెను. మిట్టలు, బొగ్గులు, ఊక, చెట్లు, కట్టలు, పుట్టలు, పల్లములు, ఎముకలు, గుళ్లు మున్నగు గుర్తులను బట్టి వారు హద్దు చూపవలెను. లేదా, పొరుగు గ్రామములవారు నలుగురో ఎనమండుగురో పదిమందియో ఎఱ్ఱని పూలదండలు వేసికొని, ఎఱ్ఱని బట్టలు కట్టుకొని, మన్ను మోసికొనుచు ఆ పొలిమేర వెంట నడిచి చూపవలెను. అబద్ధమాడినచో ఒక్కొక్కరికి దండన. తెలిసినవారును లేక, గుర్తులును లేకపోయినప్పుడు మాత్రమే రాజు తానుగా హద్దు నిర్ణయింపవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. తెలుగున కావ్యములు వేళ్లమీద లెక్కింపదగినన్ని ఉన్న కాలముననే న్యాయశాస్త్రము పద్యమైనదనిన, మన పూర్వులకు తగవుల విషయమున ఎంత శ్రద్ధ ఉండెనో, లేక ఎన్ని తగవులుండెనో, పాఠకులే ఊహింపగలరు.

రాజు చివరివాడు అను ఈ క్రమము పాతకాలపు మాటగా త్రోసివేయదగినదా, లేక నేడును ఆలోచింపదగినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు చిత్తూరు సీమను మించిన చోటు లేదు. మనకును దక్షిణపు పొరుగువారికిని ఒక డెబ్బది సంవత్సరములలో మూడు పెద్ద వ్యవహారములు నడచినవి. ఒకటి భూమిని గూర్చినది, రెండవది త్రాగునీటిని గూర్చినది, మూడవది నదిని గూర్చినది. భూమి తగవును మధ్యవర్తి తీర్చెను. త్రాగునీటి సంగతి ఒడంబడికతో తేలినది. నది తగవు సుప్రీంకోర్టుకు ఎక్కినది. మొదటి రెండును ఎట్లో ఒకట్లు ముగిసినవి, మూడవది ముగియలేదు. పక్షములు రెండును అవే, ప్రజలును వారే, మారినది తీర్చు విధము మాత్రమే.

తిరుత్తణి సంగతి ముందు చూతము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కార్వేటినగరము జమీందారీలోని తిరుత్తణి ప్రాంతము మన జిల్లాలోనే ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు జిల్లా యావత్తును ఆంధ్రకు వచ్చినది. మదరాసు మనదేనని తెలుగువారు ఘోషించిన రోజులవి. వేంకటాద్రి మాదేనని తమిళనాయకులు మ. పొ. శివజ్ఞానము మొదలగువారు ప్రతిఘోషించిన రోజులును అవియే. ఎవరి వాదము వారికి వేదము. తెలుగువారు శాసనములు చూపిరి. తమిళులు తమ ప్రాచీన వాఙ్మయము చూపిరి. సాహిత్యమును హద్దురాళ్లుగా పాతుటకు పూనుకొన్నచో కాంచీపురము ఎవరిదో, తంజావూరు ఎవరిదో చెప్పుట కష్టము. నాయకరాజుల తంజావూరిలో వెలసిన తెలుగు కావ్యములను చూపి మనము కావేరీతీరమును అడుగుదుమా? సాహిత్యోపాధ్యాయుడనై ఉండియు ఈ మాట చెప్పుచున్నాను: కవిత్వము ఎవరి భూమికిని దస్తావేజు కాదు.

ఈ కోలాహలము నడుమ హరి వినాయక పటాస్కరు మధ్యవర్తిగా వచ్చెను. ఆయన న్యాయవేత్త, కేంద్రమున మంత్రిగా పనిచేసినవాడు. కాని ఈ వ్యవహారమున న్యాయాసనము మీద కూర్చుండలేదు. ఆయన సూత్రము సులభమైనది. తాలూకాను కాదు, గ్రామమును ప్రమాణముగా తీసికొనవలెను. ఆ గ్రామమున ఏ భాషవారు ఎక్కువగా ఉన్నారో చూడవలెను. ఆ గ్రామము ఆ భాషాప్రాంతముతో కలిసి ఉన్నదా లేదా చూడవలెను. అంతే. ఉభయ ప్రభుత్వములును దీనికి ఒప్పుకొన్నవి. 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు శాసనమును చేసెను. 1960 ఏప్రిలు 1 నుండి అది అమలునకు వచ్చినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము, పళ్లిపట్టు ఉపతాలూకా మదరాసు రాష్ట్రమునకు పోయినవి. అందుకు మారుగా చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతము, సేలము జిల్లానుండి కొన్ని గ్రామములు మనకు వచ్చినవి.

తిరుత్తణి పోయినప్పుడు తెలుగువారికి కష్టము కలుగలేదని చెప్పుట అసత్యము. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో పుట్టిన ఊరు అది. ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగనే ఆయన జన్మస్థలము ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మారినది. ఆ విషయమై ఆయన ధ్యానమునకు భంగము కలిగినట్లు కనబడదు. కాని గమనింపవలసిన విశేషము వేరొకటి. ఆ కొండమీది సుబ్రహ్మణ్యస్వామి నేటికిని చిత్తూరు, పుత్తూరు, నగరి ప్రాంతములవారికి ఇలవేలుపే. ఆడికృత్తిక నాడు కావడులెత్తుకొని తెలుగుపల్లెలనుండి జనము గుంపులుగా పోవుదురు. దారిలో రాష్ట్రముల హద్దు ఎక్కడ దాటినదియు తెలియని ముదుసళ్లు ఎందరో. కొండ ఎవరిదను తగవు మరల లేవలేదు. లేవనెత్తుటకు ప్రయత్నించిన రాజకీయ పక్షము కూడ, నాకు తెలిసినంతవరకు, ఈ అరువది యేండ్లలో మన జిల్లాలో బలము పుంజుకొనలేదు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు కథ ఆగ్నేయాసియాలో కలదు. కంబోడియా, థాయిలాండు దేశముల నడుమ డాంగ్రెక్ కొండల అంచున ప్రే విహేర్ అను పురాతన శివాలయము ఉన్నది. ఖ్మేరు రాజులు కట్టించినది. ఫ్రెంచివారు ఇండోచైనాను ఏలుచుండగా ఇరువదవ శతాబ్ది ఆరంభమున వ్రాయించిన పటములో ఆలయము కంబోడియా వైపు పడినది. పర్వతపు నీటివాలు గీతను బట్టి చూచినచో అది తమదని థాయిలాండు వాదము. వ్యవహారము హేగు నగరములోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయినది. పటము చేతికి వచ్చిన తరువాత దశాబ్దములపాటు థాయిలాండు నోరు మెదపలేదు గనుక ఆ మౌనము అంగీకారమేయని, ఆలయము కంబోడియాదేయని 1962 జూను 15న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు వచ్చినది. మౌనము అంగీకారమను మాట మన సామెతలలోనిదే. దానిని అంత పెద్ద న్యాయస్థానము సిద్ధాంతముగా స్వీకరించుట ముచ్చటయే. తీర్పు శాస్త్రసమ్మతము. కాని ఫలితమేమి? 2008 నుండి 2011 వరకు ఆ గుడిచుట్టును ఫిరంగులు మ్రోగినవి. మరల న్యాయస్థానమునకే పోయిరి. 2013లో మొదటి తీర్పునకు అర్థము చెప్పుచు రెండవ తీర్పు వచ్చినది. 2025 జూలైలో ఆ సరిహద్దు వెంబడి మరల యుద్ధము జరిగి జనము చచ్చిరి, లక్షలమంది ఇండ్లు విడిచి పారిపోయిరి. ఈసారియు హేగునకే పోవుదమని కంబోడియా. ఆ న్యాయస్థానపు అధికారమును మేము ఒప్పుకొనమని థాయిలాండు.

రెండును కొండమీది గుళ్లే. రెండిటిమీదను రెండు భాషలవారికి భక్తి. ఒకటి 1960లో చేతులు మారినది, రెండవది 1962లో. ఒకచోట కావడులు, ఒకచోట ఫిరంగులు. రెండు రాష్ట్రములకును రెండు దేశములకును భేదము లేదా యని అడుగవచ్చును. ఉన్నది, పైన కేంద్ర ప్రభుత్వమను పెద్ద ఉన్నది. కాని ఆ పెద్ద ఉండియు తెగని తగవులు మన దేశమునందే కలవు. బెళగావి వ్యవహారమున 1967లో మహాజను సంఘము నివేదిక ఇచ్చినది. మహారాష్ట్రము దానిని ఒప్పుకొనక 2004లో సుప్రీంకోర్టున దావా వేసినది. రెండు దశాబ్దములు గడిచినవి. మహారాష్ట్రులు అడుగుచున్నదేమో తెలియునా? పటాస్కరు సూత్రమునే! మన తిరుత్తణిలో కుదిరిన కొలబద్దనే వారు కోర్టుద్వారా కోరుచున్నారు.

ఇక ఉత్తరాన కొటియా గ్రామములు. ఒరిస్సా 1968లో సుప్రీంకోర్టుకు పోయినది. ఉన్నది ఉన్నట్లే ఉంచుడని ఉత్తరువు వచ్చినది. 2006లో దావా సాంకేతిక కారణముచేత ముగిసినను, యథాస్థితి ఉత్తరువు మాత్రము మిగిలినది. 2021లో అచట మనవారు పంచాయతీ ఎన్నికలు జరుపగా ధిక్కార పిటిషను పడినది. ఆ కొండవాండ్లకు రెండు రాష్ట్రముల రేషను కార్డులును ఉన్నవని పత్రికలు వ్రాయుచుండును. ఒక విధముగా చూచినచో తగవు తేలకపోవుటయే వారికి లాభము కాబోలు.

న్యాయమూర్తుల సామర్థ్యమునందు లోపమున్నదని నా అభిప్రాయము కాదు. లోపము ప్రశ్నలోనే ఉన్నది. న్యాయస్థానము ఎప్పుడును ఒక్కటే అడుగును: ఇది ఎవరిది? వాదిదైనచో ప్రతివాదిది కాదు. ఇచ్చిపుచ్చుకొనుటకు అచట చోటు లేదు. తిరుత్తణి ఇచ్చి సత్యవేడు పుచ్చుకొనుడని ఏ న్యాయమూర్తియు డిక్రీ వ్రాయజాలడు; మధ్యవర్తి వ్రాయగలడు. 1953లో బళ్లారి తాలూకా విషయమున న్యాయమూర్తి మిశ్రా విచారించి అది మైసూరునకు చెందవలెనని నివేదిక ఇచ్చిరి. ఆ నివేదిక ఎంత నిష్పక్షపాతమైనను, రాయలసీమ వృద్ధులు బళ్లారిని తలచుకొన్నంత బాధతో తిరుత్తణిని తలచుకొనరు. కారణము స్పష్టము. ఒకచోట చేయి ఖాళీగా తిరిగివచ్చినది. మరియొకచోట చేతిలో ఏదో ఒకటి పడినది. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునను సామెత మనవారు ఊరక కల్పింపలేదు.

రెండవ వ్యవహారము తెలుగుగంగ. మదరాసు నగరమునకు త్రాగునీరు లేదు. కృష్ణానదీ పరీవాహక ప్రాంతమున మదరాసు రాష్ట్రము లేనే లేదు. న్యాయస్థానమునకు పోయియున్నచో కృష్ణలో ఒక్క కడవ నీటికైనను హక్కు ఉన్నదని నిరూపించుట వారికి దుస్సాధ్యము. హక్కు లేదు, అవసరమున్నది. న్యాయస్థానము హక్కును కొలుచును. అవసరమును కొలుచుటకు దానికి త్రాసు లేదు. 1976లో మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తలా అయిదు టి.ఎం.సి.లు, అనగా అయిదువందల కోట్ల ఘనపుటడుగులు, వదలుకొనుటకు ఒప్పుకొన్నవి. మొత్తము పదునైదు, దారిలో ఆవిరియై ఇంకిపోవునది పోగా పండ్రెండు చేరవలెను. 1983 ఏప్రిలులో నందమూరి తారకరామారావు, ఎం. జి. రామచంద్రను ముఖ్యమంత్రులుగా ఉండగా ఉభయ రాష్ట్రముల ఒడంబడిక జరిగినది. ఇద్దరును వెండితెర వేల్పులే; ఆ ఒడంబడికలో నటన ఎంతయో నేను చెప్పలేను గాని, నీరు మాత్రము నిజమైనది. 1996లో కండలేరునుండి బయలుదేరిన కాలువనీరు కాళహస్తి, సత్యవేడు ప్రాంతముల మీదుగా పోయి పూండి జలాశయమును చేరినది. పటాస్కరు మార్పిడిలో మనకు వచ్చిన సత్యవేడు నేలమీదుగానే ఆ నీరు వారికి పోవుచున్నది.

ఒప్పుకొన్న పండ్రెండు టి.ఎం.సి.లును చేరని సంవత్సరములే అధికము. మన రైతులు దారిలో తోడుకొందురని వారు, కట్టవలసిన సొమ్ము సకాలమున కట్టరని మనవారు, ఏటేట గొణుగుడు ఉన్నది. గొణుగుడు ఉన్నంతమాత్రమున ఒడంబడిక విఫలమైనట్లు కాదు. ఉభయపక్షముల అధికారులును కూర్చుండి లెక్కలు చూచుకొందురు, వేసవిలో లేఖలు వ్రాసికొందురు, నీరు మరల వదలుదురు. ఒడంబడికలు శాశ్వతములనియు నేను అనను. 1960లో ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వమున కుదిరిన సింధుజలముల ఒప్పందము మూడు యుద్ధములకు తట్టుకొని నిలిచియు, 2025 ఏప్రిలులో పహల్గాము హత్యాకాండ తరువాత భారతదేశముచే నిలిపివేయబడినది. నమ్మకము చచ్చినచోట కాగితము బ్రతుకదు. అయినను అరువదియైదేండ్లు సామాన్యమైన ఆయువు కాదు.

రాయబారమనగానే మనకు విఫలమైన రాయబారమే జ్ఞాపకము వచ్చుట ఒక చిత్రము. పాండవోద్యోగములో శ్రీకృష్ణుని పద్యములు పశులకాపరికి కూడ కంఠస్థములు. (ఆ నాటకకర్తల పేరులో తిరుపతి ఉన్నదిగాని వారు మా ఊరివారు కారు, ఈ సంగతి ఏటేట విద్యార్థులకు చెప్పవలసివచ్చుచున్నది.) రాయబారము ఫలించియున్నచో యుద్ధము లేదు, నాటకము లేదు, పద్యములు లేవు. తిరుత్తణిమీద ఎవడును నాటకము వ్రాయకపోవుట అందుచేతనే.

ఇక మూడవది, మన కంటియెదుట ఉన్నది: పాలారు. కర్ణాటకమున నందిదుర్గము ప్రాంతమున పుట్టి, మన కుప్పము సీమలో ముప్పదిమూడు కిలోమీటర్లు మాత్రము ప్రవహించి, తమిళనాడులో రెండువందల ఇరువది కిలోమీటర్లకు పైగా పోయి సముద్రమున కలియును. ప్రవహించునని అనుట అలవాటుచేత. ఏడాదిలో అధికభాగము ఇసుకయే కనబడును. 2006లో గణేశపురమువద్ద ఆనకట్ట కట్టుటకు మన ప్రభుత్వము పూనుకొనగా తమిళనాడు సుప్రీంకోర్టున దావా వేసినది. ఆధారము 1892 నాటి మదరాసు మైసూరుల ఒడంబడిక. పైనున్నవారు క్రిందివారి అనుమతి లేక క్రొత్త కట్టలు కట్టరాదని అందు ఉన్నది. 2016లో చెక్కుడ్యాముల ఎత్తు పెంచినందుకు మరల ఫిర్యాదు. 2024లో మన ముఖ్యమంత్రి కుప్పమున పాలారు జలాశయపు మాట ఎత్తగా, దావా విచారణలోనే ఉన్నదని తమిళనాడు జ్ఞాపకము చేసినది. దావా వేసిననాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఓటుహక్కు వచ్చినది.

విచిత్రమేమనగా, ఇట్టి తగవులు న్యాయస్థానమునకు రాకుండుటకే మన రాజ్యాంగనిర్మాతలు దారి వేసి ఉంచిరి. రాష్ట్రముల నడుమ తగవులను 131వ అధికరణము సుప్రీంకోర్టునకు అప్పగించినది నిజమే. కాని నదీజలముల సంగతి వచ్చునప్పటికి 262వ అధికరణము వేరు మార్గము చూపినది. ఆ అధికరణమును బట్టి 1956లో చేసిన శాసనము ముందు సంప్రదింపులు, అవి కుదరనిచో ట్రిబ్యునలు అని చెప్పి, న్యాయస్థానములకు తలుపు మూసినది. నదికి హక్కుపత్రము ఉండదని, ఏడాదికొక తీరున పారు నీటిని ఒక్క డిక్రీలో బంధింపరాదని వారెరుగుదురు. 1892 ఒడంబడికనే ఆధారము చేసికొని పెన్నయారు విషయమున తమిళనాడు వేసిన మరియొక దావాలో, కర్ణాటకపు ఆనకట్టను ఆపుమను ప్రార్థనను 2019 నవంబరులో సుప్రీంకోర్టు త్రోసివేసి, ట్రిబ్యునలును కోరుడని చెప్పినది. అనగా న్యాయస్థానము తానే, ఈ వాకిలి మీది కాదు అని చేయి చూపుచున్నది. మనమే కదలుటలేదు.

కదలకపోవుటలో ఇరు ప్రభుత్వములకును ఒక సౌకర్యమున్నది. వ్యవహారము కోర్టులో ఉన్నదనిన ఒక్క మాటతో కుప్పము రైతును ఇటు, వాణియంబాడి రైతును అటు ఊరుకోబెట్టవచ్చును. ఎన్నికలు వచ్చినప్పుడు శంకుస్థాపన చేయవచ్చును. అవతలివారు నిరసన తెలుపవచ్చును. ఎన్నికలు పోయిన తరువాత ఉభయులును దావాను చూపి చేతులు కడుగుకొనవచ్చును. న్యాయస్థానమును తీర్పుకొఱకు కాక చాటుకొఱకు వాడుకొనుట ఇదియే. ఇంతలో ఆ ఇసుకను లారీలు తోలుకొనిపోవుచున్నవి. బోర్లు వందల అడుగులు దిగినవి. హద్దునకు ఆవలను ఈవలను ఎండినది ఒక్కటే నది.

ఇంతవరకు చదివినవారికి నేను న్యాయస్థానములకు విరోధినని తోచవచ్చును. అదే పాలారు మీద నడచిన మరియొక వ్యాజ్యమును చూపి ఆ భ్రమ తొలగింతును. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోలుకార్ఖానల మురికి పాలారును విషము చేసినది. వేలూరు పౌరులు కొందరు సంఘముగా ఏర్పడి సుప్రీంకోర్టుకు మొరపెట్టుకొనగా 1996 ఆగస్టులో తీర్పు వచ్చినది. చెరిచినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెనను సూత్రము, కీడు రూఢి కాకముందే జాగ్రత్తపడవలెనను సూత్రము ఈ దేశపు న్యాయములో భాగములని ఆ తీర్పు స్థాపించినది. నేడు దేశమునందలి ప్రతి పర్యావరణ వ్యాజ్యములోను ఆ తీర్పును ఉదాహరింతురు. విషము ఇంకను పోలేదు. 2025 జనవరిలో అదే న్యాయస్థానము అదే నదిని గూర్చి మరల తీర్పు చెప్పవలసివచ్చినది. అయినను ఆ పౌరులకు న్యాయస్థానము తప్ప వేరు దిక్కు ఉండెనా? కార్ఖానాదారుతోను ప్రభుత్వముతోను ఒక బల్లవద్ద కూర్చుండి ఇచ్చిపుచ్చుకొనుటకు వారియొద్ద ఇచ్చుటకేమున్నది?

ఇక్కడనే నాకు తేడా కనబడుచున్నది. రెండు ప్రభుత్వములు తగవులాడునప్పుడు ఇద్దరికిని బలమున్నది, ఇద్దరియొద్దను ఇచ్చుటకు ఏదో ఒకటి ఉన్నది. వారు కూర్చుండి మాటలాడుకొనవలెను. ఒంటరి మనిషి ప్రభుత్వమునకో, దూరమునకో, సంఖ్యాబలమునకో ఎదురు నిలిచినప్పుడు న్యాయస్థానము ఉండవలెను. మనము ఈ రెండిటిని తారుమారు చేసికొంటిమి.

తిరుపతిలోనే 1975లో జరిగిన ఒక వివాహమును చూడుడు. వరుడు అమెరికా వెళ్లి అచట మిస్సూరి రాష్ట్రపు న్యాయస్థానమున విడాకులు పొంది, ఇచట మరల పెండ్లి చేసికొనెను. భార్య ఇక్కడ ఉన్నది. ఆ విదేశపు కోర్టు అధికారమునకు ఆమె లోబడలేదు. వ్యవహారము సుప్రీంకోర్టుకు పోగా 1991 జూలైలో తీర్పు వచ్చినది: ఏ వివాహధర్మమును బట్టి పెండ్లి జరిగినదో ఆ ధర్మము ఒప్పుకొను కోర్టు, ఆ ధర్మము ఒప్పుకొను కారణముమీద ఇచ్చిన విడాకులే ఇచట చెల్లును, రెండవ పక్షము తానుగా ఆ కోర్టునకు లోబడినప్పుడో, సమ్మతించినప్పుడో, మరి కొన్ని సందర్భములలోనో తప్ప ఇందుకు మినహాయింపు లేదు. విమానములు పెరిగి, ఇంటికొక బిడ్డ విదేశమున ఉన్న ఈ కాలములో ఎందరు స్త్రీలకు ఆ తీర్పు అండగా నిలిచినదో లెక్క లేదు. ఖండములకు ఆవలినుండి వచ్చు కాగితమునకు ఒక ఆడుకూతురు ఏ మధ్యవర్తిని పంపగలదు?

తిరుత్తణినే మరల చూచినచో పటాస్కరు బల్లమీద మరచిపోయిన వస్తువు ఒకటి కనబడును. గ్రామమున ఎక్కువ మంది భాషను చూచిరి; తక్కువమంది సంగతి? హద్దునకు ఆవల మిగిలిన తెలుగు కుటుంబముల బిడ్డలు తెలుగు చదువుట నానాటికి కష్టమైనది. 2006లో తమిళనాడు శాసనసభ పాఠశాలలలో తమిళమును విధిగా నేర్పవలెనని చట్టము చేసినది. తమిళదేశమున తమిళము నేర్చుకొనుట తప్పు కాదు, నేర్చుకొనకపోవుటయే తప్పు. కాని పదవతరగతి పరీక్షలో మాతృభాషకు ఉన్న చోటు పోవుట వేరు. తెలుగు, కన్నడ, ఉర్దూ విద్యార్థులు మదరాసు హైకోర్టుకు పోయి మినహాయింపులు తెచ్చుకొనిరి; 2023లో సుప్రీంకోర్టును ఒక యేడు మినహాయింపు పొడిగించినది. పదునైదేండ్ల పిల్లలు తమ భాషలో పరీక్ష వ్రాయుటకు ఏడాదికొకసారి కోర్టుమెట్లు ఎక్కవలసివచ్చుట సిగ్గుపడవలసిన సంగతి. అయినను ఎక్కుటకు ఆ మెట్లైన ఉన్నవి. ఇదే ప్రశ్న మనకును వర్తించును. పటాస్కరు మార్పిడిలో మన వైపు వచ్చిన సత్యవేడు గ్రామములలోను, నగరి, కుప్పము ప్రాంతములలోను తమిళ కుటుంబములు కలవు. వారి బిడ్డలకు తమిళ ఉపాధ్యాయులు తగినంతమంది ఉన్నారా? ప్రాథమికవిద్య మాతృభాషలో అందింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350 ఎ అధికరణము ఇరువైపుల వారికిని ఒక్కటే. తిరుత్తణి తెలుగు బాలునికొఱకు కన్నీరు కార్చు మన భాషాభిమాని సత్యవేడు తమిళ బాలుని సంగతి విచారించిన దాఖలా నాకు కనబడలేదు.

పాలారు విషయమై నేను కోరునది పెద్ద కార్యమేమియు కాదు. 2024లోను 2025లోను హంద్రీ నీవా కాలువద్వారా కృష్ణాజలములు కుప్పము చేరినవని రెండు ప్రభుత్వములు, ఒకదాని తరువాత ఒకటి, పూజలు చేసి ఉత్సవములు జరిపినవి. ఆ నీరు నిలకడగా వచ్చినచో పాలారులో ప్రతి చుక్కకొఱకును మనము పోరాడవలసిన తొందర తగ్గును. ఇచ్చిపుచ్చుకొనుటకు మన చేతిలో ఏదో ఒకటి ఉండును. తెలుగుగంగ లెక్కలు చూచుటకు ఎట్లును ఉభయ రాష్ట్రముల అధికారులు కలిసికొనుచునే ఉన్నారు. ఆ బల్లమీదనే పాలారు కాగితమును కూడ పెట్టవచ్చును. చిత్తూరు కలెక్టరు, తిరుపత్తూరు కలెక్టరు, ఇరువైపుల నీటిపారుదల ఇంజనీర్లు, బోర్లు ఎండిన రైతులు పదిమంది ఇటునుండి, పదిమంది అటునుండి ఒక వేసవిలో పుల్లూరువద్ద ఏటిలో దిగి, ఎన్ని కట్టలు ఉన్నవో, ఎంత ఇసుక పోయినదో, వరద వచ్చిననాడు ఎంత నీరు దాటుచున్నదో నడిచి చూచి, చూచినదానిని ఇద్దరును సంతకము పెట్టిన ఒక్క కాగితముమీద వ్రాయవలెను. దావాలో ఇరుపక్షములును ఎవరి లెక్కలు వారు దాఖలు చేసికొని ఉన్నారు. ఇద్దరును ఒప్పుకొన్న లెక్క ఒకటి తయారైనచో, దావాను ఉపసంహరించుకొందురో, దానినే న్యాయస్థానమున రాజీపత్రముగా దాఖలు చేయుదురో, అది వకీళ్లు చూచుకొందురు.